సముద్రపు గాలిలో గుర్రపు ట్రైలర్: ఉక్కుదా, అల్యూమినియందా?

విశాఖపట్నంలో గుర్రపు ట్రైలర్ కొనాలన్నా, చేయించుకోవాలన్నా ముందుగా ఎదురయ్యే ప్రశ్న లోహం గురించే. స్వారీ నేర్పే లాయాల వారు గానీ, పెళ్లి ఊరేగింపులకు గుర్రాలను పంపేవారు గానీ, ముచ్చటపడి ఒకటి రెండు గుర్రాలను పెంచుకునేవారు గానీ ఇంటర్నెట్‌లో వెతికితే దొరికేది చాలావరకు అమెరికా సలహా. అక్కడ శీతాకాలంలో మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఆ సలహాలన్నీ ఆ ఉప్పును, వందల మైళ్ల ప్రయాణాలను, బండిని లాగే పెద్ద పెద్ద పికప్ ట్రక్కులను దృష్టిలో పెట్టుకుని చెప్పినవి. మన దగ్గర ఉప్పు గాలిలోనే ఉంటుంది, అదీ ఏడాది పొడవునా ఉంటుంది. ప్రయాణాలు చిన్నవి, ట్రైలర్ తిరిగే కాలం కంటే ఒకచోట నిలబడి ఉండే కాలమే ఎక్కువ. అందుచేత మొత్తం బండికి ఒకే లోహాన్ని ఎంచుకోవడం ఇక్కడ సరైన పద్ధతి కాదని నా అభిప్రాయం. చట్రానికి వేడి జింకులో ముంచిన ఉక్కును, గోడలకూ పైకప్పుకూ అల్యూమినియం రేకును, గుర్రం నిలబడే నేలకు చెక్కను వాడి, ఈ మూడూ ఒకదానికొకటి నేరుగా తగలకుండా కలపగలిగితే బండి నిలుస్తుంది. ఎందుకో ఒక్కొక్కటిగా చూద్దాం.

బరువు సంగతి

అల్యూమినియం వైపు మొగ్గేవారు ముందు చెప్పేది బరువు గురించే. ఘనపు మీటరు ఉక్కు సుమారు 7,850 కిలోలు తూగితే అల్యూమినియం సుమారు 2,700 కిలోలే తూగుతుంది, అంటే దాదాపు మూడో వంతు. అయితే ట్రైలర్ బరువు కూడా మూడో వంతుకు దిగుతుందని అనుకోకూడదు. వంగకుండా నిలిచే గుణంలో కూడా అల్యూమినియం ఉక్కులో మూడో వంతే కాబట్టి, అదే గట్టితనం రావాలంటే మందమైన రేకును, లోతైన సెక్షన్లను వాడవలసి వస్తుంది.

రెండు గుర్రాల ట్రైలర్ ఒకదాన్ని తీసుకుని లెక్క వేద్దాం. 3.3 మీటర్ల పొడవు, 1.8 మీటర్ల వెడల్పు, 2.2 మీటర్ల ఎత్తు ఉంటే రెండు పక్క గోడలు, ముందు గోడ, పైకప్పు కలిపి సుమారు 24 చదరపు మీటర్ల రేకు పడుతుంది. 1.2 మి.మీ. ఉక్కు రేకు వేస్తే అది సుమారు 226 కిలోలు, 2 మి.మీ. అల్యూమినియం రేకు వేస్తే సుమారు 130 కిలోలు. మిగిలేది వంద కిలోల లోపు. రెండు గుర్రాలు కలిపి తొమ్మిది వందల నుంచి వెయ్యి కిలోల దాకా ఉంటాయి, ఖాళీ బండి మరో వెయ్యి కిలోలు ఉంటుందనుకుంటే, మొత్తం రెండు టన్నుల్లో ఈ ఆదా ఇరవయ్యో వంతు. నగరంలో, భీమిలి రోడ్డు మీద తిరిగే బండికి ఈ తేడా పెద్దగా తెలియదు. శృంగవరపుకోట దాటి అనంతగిరి ఘాట్ ఎక్కి దిగవలసిన వారికి మాత్రం, ముఖ్యంగా దిగేటప్పుడు బ్రేకులు వేడెక్కే చోట, ప్రతి యాభై కిలోలూ లెక్కలోకి వస్తాయి. ఏ లోహమైనా సరే, లాగే వాహనం ఎంత బరువు లాగగలదో దానితో పాటు ఇచ్చే పుస్తకంలో (ఓనర్స్ మాన్యువల్) చూసుకోండి. గుర్రాలతో సహా మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం దాకా ట్రైలర్‌ను వాహనానికి తగిలించే కొక్కెం మీద పడేలా ఇరుసులను అమర్చమని చెప్పండి. వెనక బరువై ముందు తేలికైన ట్రైలర్ రోడ్డు మీద పాములా ఊగుతుంది, ఆ ప్రమాదాన్ని ఏ లోహమూ ఆపలేదు.

ఉప్పు ఎక్కడ కూర్చుంటుంది

ఉక్కు తుప్పు పడుతుందని, అల్యూమినియం పట్టదని అందరూ అనేదే. ఇందులో మొదటి సగం నిజం, రెండో సగంలో కొంత తిరకాసు ఉంది. అల్యూమినియం పైన గాలి తగలగానే పలచని ఆక్సైడ్ పొర ఏర్పడి లోపలి లోహాన్ని కాపాడుతుంది. ఉప్పులోని క్లోరైడు ఆ పొరను అక్కడక్కడ ఛేదించి సూదిమొనంత గుంటలు చేస్తుంది. ఉక్కు తుప్పు ఎర్రగా పొంగి దూరం నుంచే కనిపిస్తుంది, ఈ గుంటలు దగ్గరికి వెళ్లి వేలితో తడిమితే గానీ తెలియవు. వీటిని బాగా తట్టుకునేవి మెగ్నీషియం కలిసిన 5052, 5083 రకాలు. పడవలకు వాడేవి అవే. కొనేటప్పుడు రకం పేరు అడిగి, బిల్లు మీద రాయించుకోండి. కిటికీ ఫ్రేములకు వాడే 6063 సెక్షన్‌ను అంచులకూ పట్టీలకూ వాడవచ్చు గానీ బరువు మోసే చోట వాడకూడదు.

ట్రైలర్‌ను ఎక్కడ నిలుపుతారన్నది లోహం కంటే ముందు ఆలోచించవలసిన విషయం. రుషికొండ, సాగర్‌నగర్, భీమిలి వైపు సముద్రానికి ఎదురుగా నిలిపే బండికీ, ఆనందపురం, పెందుర్తి వైపు లోపలికి నిలిపే బండికీ ఆయుష్షులో చాలా తేడా ఉంటుంది. పోర్టుకు దగ్గరగా ఉన్న పాత నగరంలో, మల్కాపురం, గాజువాక ప్రాంతాల్లో బొగ్గు దుమ్ము, ఖనిజ దుమ్ము కూడా వచ్చి పడుతుంది. ఆ దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది కాబట్టి రేకు ఆరడానికి అవకాశమే ఉండదు. ఇంకో సంగతి చాలామంది గమనించరు. పైకప్పు మీద పడిన ఉప్పును వాన కడిగేస్తుంది, చట్రం అడుగున, మడ్‌గార్డుల లోపల పేరుకున్న ఉప్పును కడిగేవారు ఉండరు. అందుకే నీడలో ఉన్న భాగాలే ముందు పోతాయి. పైన టార్పాలిన్ బిగించి కట్టేస్తే ఇంకా చెడ్డది, లోపల తేమ ఆవిరై మళ్లీ రేకు మీదే చేరుతుంది. గాలి ఆడే రేకుల షెడ్డు మేలు.

ఉక్కులో మూడు రకాలు మీ ముందుకు వస్తాయి. మామూలు ఎం.ఎస్. (మైల్డ్ స్టీల్) ఉక్కుకు రెడాక్సైడ్ పూసి ఎనామెల్ వేసినది అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముందు పోయేది కూడా అదే. రెండోది జీఐ (ముందే జింకు పూత వేసిన) పైపు, జీఐ రేకు తెచ్చి వెల్డింగ్ చేసినది. దీనిలో వెల్డింగ్ వేడికి జింకు కాలిపోయి సరిగ్గా అతుకుల దగ్గరే రక్షణ పోతుంది, అక్కడ జింకు ఎక్కువగా ఉండే పెయింట్ పూయకపోతే జీఐ అన్న పేరు పేరుగానే మిగిలిపోతుంది. ఇక మూడోది, చట్రాన్ని నల్ల ఉక్కుతోనే పూర్తిగా వెల్డింగ్ చేసి, రంధ్రాలన్నీ వేసి, ఆ తరువాత మొత్తాన్ని సుమారు 450 డిగ్రీల దగ్గర కరిగిన జింకులో ముంచి తీసినది. భారతీయ ప్రమాణం ఐఎస్ 4759 ప్రకారం 5 మి.మీ., అంతకు మించిన మందం ఉన్న ఉక్కుకు చదరపు మీటరుకు కనీసం 610 గ్రాముల జింకు పడాలి, అంటే దాదాపు 86 మైక్రాన్ల పొర. మన ఊరి గాలికి నేను ఒప్పుకునేది ఈ మూడో రకాన్నే. ముంచే తొట్టిలో చట్రం పట్టాలి కాబట్టి కొలతలు ముందే మాట్లాడుకోవాలి. మూసి ఉన్న పైపులకు గాలి పోయే రంధ్రాలు తప్పనిసరిగా వేయించాలి, లేకపోతే లోపలి గాలి వ్యాకోచించి పైపు పేలిపోయే ప్రమాదం ఉంది. ఆ రంధ్రాలే తరువాత నీరు బయటికి పోయే దారి కూడా అవుతాయి. మెరుస్తున్న కొత్త జింకు మీద మామూలు ఎనామెల్ వేస్తే కొన్నాళ్లకు పొరలుగా ఊడిపోతుంది. రంగు కావాలంటే ముందు ఎచ్ ప్రైమర్ (జింకుకు రంగు పట్టేలా చేసే తొలి పూత) వేయించండి.

ఉక్కు ఊళ్లోనే దొరుకుతుంది కదా అన్న ధీమా కొందరికి ఉంటుంది. ఉక్కునగరంలోని కర్మాగారం ప్రధానంగా కడ్డీలు, వైరు రాడ్లు, యాంగిళ్లు, ఛానళ్ల వంటివి తయారు చేస్తుంది. కాబట్టి చట్రానికి కావలసిన ఛానల్ ఇక్కడిదే కావచ్చు, రేకు మాత్రం వేరే చోటి నుంచి రావలసిందే.

అసలు శత్రువు లోపలే ఉంది

ట్రైలర్‌ను సముద్రం కంటే ఎక్కువగా తినేది గుర్రం మూత్రం. గుర్రం మూత్రం సహజంగా క్షార గుణం కలది, నేల మీద నిలిచిన కొద్దీ అందులోని యూరియా అమ్మోనియాగా మారి ఆ గుణం ఇంకా పెరుగుతుంది. అల్యూమినియం మీది ఆక్సైడ్ పొర సుమారు 4 నుంచి 8.5 దాకా ఉన్న పీహెచ్ మధ్యే స్థిరంగా ఉంటుంది, ఆ పైకి వెళితే కరుగుతుంది. నేల రేకు మీద రబ్బరు చాప, చాప కింద ఆరని మూత్రం, పేడ, బీచ్ నుంచి గిట్టలతో వచ్చిన ఉప్పు ఇసుక, ఇవన్నీ కలిసిన చోట అల్యూమినియం నేల ఎంత ఖరీదైనదైనా నిలవదు. చాప ఎత్తి చూస్తే మొదట తెల్లటి పిండి, దాన్ని గీకితే కింద గుంటలు, ఇంకొంత కాలానికి ఆ గుంటల్లోంచి రోడ్డు కనిపిస్తుంది. గుర్రం ఒక కాలు కింద సుమారు నూట ఇరవై కిలోల బరువు చిన్న గిట్ట మీద మోపుతుందని గుర్తుంచుకుంటే, నేల పలచబడడం ఎంత ప్రమాదమో చెప్పనక్కర్లేదు.

జింకు ఈ విషయంలో కాస్త నయం, అది 12 దాకా ఉన్న పీహెచ్‌ను కూడా ఓర్చుకుంటుంది. అందుకే నేల కింది అడ్డ దూలాలు గాల్వనైజ్ చేసిన, అంటే జింకులో ముంచిన ఉక్కువే కావాలని పట్టుబట్టండి. వాటిని అడుగుకు ఒకటి చొప్పున వేయించి, పైన నల్లమద్ది వంటి గట్టి కలప పలకలను 38 నుంచి 40 మి.మీ. మందంతో, పలకకూ పలకకూ మధ్య చిటికెన వేలు పట్టేంత సందు వదిలి పరిపించండి. మూత్రం ఆ సందుల్లోంచి కిందికి పోతుంది, గాలి ఆడి పలక ఆరుతుంది. పైన 12 నుంచి 18 మి.మీ. రబ్బరు చాప వేయండి, దాన్ని ఎన్నటికీ అంటించవద్దు, ఎత్తడానికి వీలుగా రెండు మూడు ముక్కలుగా ఉంటేనే మంచిది. రాగి లవణాలతో శుద్ధి చేసిన కలప చవగ్గా దొరికినా, అది అల్యూమినియానికి తగిలే చోట వాడకూడదు, రాగి అల్యూమినియాన్ని వేగంగా తినేస్తుంది.

శుభ్రం చేసే పద్ధతి కూడా ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే బండిని పాడు చేసే వాటిలో మన అలవాట్లు కూడా ఉన్నాయి. లాయంలో సున్నం, బ్లీచింగ్ పౌడర్ చల్లినట్టే ట్రైలర్‌లో కూడా చల్లుతారు. సున్నం అల్యూమినియానికీ, బ్లీచింగ్‌లోని క్లోరిన్ అల్యూమినియం, జింకు, ఉక్కు అన్నిటికీ చేటే. స్నానాల గదికి వాడే యాసిడ్ గానీ, వాషింగ్ సోడా గానీ అసలు పనికిరావు. మామూలు సబ్బు నీళ్లు, మెత్తటి బ్రష్, తరువాత పుష్కలంగా మంచినీళ్లు చాలు. అంటురోగం వచ్చినప్పుడు క్రిమిసంహారకం తప్పదు, అప్పుడు పశువైద్యుడు చెప్పినది చెప్పినంతే వాడి, చెప్పిన సమయం కాగానే కడిగేయండి. గుర్రాన్ని బీచ్‌కు తీసుకువెళ్లి వచ్చిన ప్రతిసారీ అదే రోజు చాపలు ఎత్తి, చట్రం అడుగుభాగాన్ని పైపుతో కడగాలి. బోరు నీరు ఉప్పగా ఉండే వీధుల్లో ఉన్నవారు మున్సిపల్ నీటినే వాడడం మంచిది.

రెండు లోహాలు కలిసే చోట

ఉక్కు చట్రం మీద అల్యూమినియం రేకు అనగానే జాగ్రత్తపరులు ఒక అభ్యంతరం చెబుతారు. రెండు వేర్వేరు లోహాలు ఉప్పు తేమలో తగిలితే చిన్న బ్యాటరీలా పనిచేసి, వాటిలో ఒకటి మరొకదాన్ని కాపాడుతూ తాను అరిగిపోతుంది అని. అభ్యంతరం సరైనదే. స్టెయిన్‌లెస్ బోల్టు బిగించిన అల్యూమినియం రేకును కొన్ని వానాకాలాల తరువాత చూడండి. బోల్టు తళతళలాడుతూనే ఉంటుంది, దాని చుట్టూ రేకు మాత్రం తెల్లటి పిండి కట్టి, రంగు ఉబ్బి, చివరికి రంధ్రం పెద్దదై బోల్టు కదలడం మొదలుపెడుతుంది. దీనికి మందు సులువే. రేకుకూ చట్రానికీ మధ్య నియోప్రీన్ అనే రబ్బరు పట్టీ గానీ పాలీయూరిథేన్ సీలెంట్ గానీ ఉండాలి, బోల్టుకు నైలాన్ వాషరు ఉండాలి, రంధ్రం అంచుకు జింక్ క్రోమేట్ ప్రైమర్ పూయాలి. రివెట్లు కొనేటప్పుడు తల అల్యూమినియందైనా లోపలి మేకు మామూలు ఉక్కుదైతే అది తుప్పు పట్టి గోడ మీద ఎర్రటి చారలు కారుతాయి. మేకు కూడా అల్యూమినియందో స్టెయిన్‌లెస్‌దో అయి ఉండాలి.

వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెట్టింపు సాగుతుంది. 3.3 మీటర్ల రేకు తెల్లవారుజాము చల్లదనం నుంచి మే నెల మిట్టమధ్యాహ్నపు ఎండకు నలభై డిగ్రీలు వేడెక్కితే అది సుమారు 3 మి.మీ. సాగుతుంది, కింద ఉన్న ఉక్కు దానిలో సగమే సాగుతుంది. రేకును కదలనివ్వకుండా బిగిస్తే గోడ అలలుగా లేస్తుంది, రివెట్ల దగ్గర చీలుతుంది. పని తెలిసిన బాడీ మేస్త్రీ రంధ్రాలను కోలగా వేస్తాడు. మీరు అడగకముందే ఈ మాట చెప్పాడంటే ఆ మేస్త్రీకి పని ఇవ్వవచ్చు.

గుర్రానికి ఏ లోహపు గోడ చల్లగా ఉంటుందన్న వాదనకు పెద్ద అర్థం లేదు. పలచటి రేకు ఏదైనా ఎండను లోపలికి పంపుతుంది. తెల్లటి రంగు, పైకప్పు కింద ఇన్సులేషన్ పొర, తల దగ్గర ఎదురెదురు కిటికీలు ఉంటే చాలు.

తాళాలు, కీళ్లు, పిన్నులు ఏ ట్రైలర్‌కైనా ముందుగా పట్టేసే భాగాలు. వీటికి 316 రకం స్టెయిన్‌లెస్ పెట్టించండి. గేట్లకూ రెయిలింగులకూ చవగ్గా అమ్మే 202 రకం సముద్రం దగ్గర మచ్చలు పడుతుంది, అయస్కాంతంతో చూసి ఆ రెండింటికీ తేడా చెప్పలేం. లోపల ఉన్న గుర్రానికి ఏదైనా అయినప్పుడు వెనక తలుపు పిన్ను తుప్పు పట్టి రాకపోతే ఎలా ఉంటుందో ఊహించుకుంటే ఈ ఖర్చు ఖర్చనిపించదు.

తన్ను, చీలిక, మరమ్మతు

భయపడిన గుర్రం వెనక్కి తన్నితే ఉక్కు రేకు సొట్టపోతుంది. పలచని అల్యూమినియం చిరిగి, ఆ చిరుగు అంచు కత్తిలా తేలి కాలికి గాయం చేయవచ్చు. కాబట్టి అల్యూమినియం గోడ ఉన్నప్పుడు లోపల నేల నుంచి సుమారు 1.2 మీటర్ల ఎత్తు దాకా మెరైన్ ప్లైవుడ్ మీద రబ్బరు పలక వేయించడం తప్పనిసరి. ఈ లోపలి పొర అడుగున కాస్త సందు ఉండాలి, లేదంటే మూత్రం దాని వెనక చేరి అక్కడే ఉండిపోతుంది.

మరమ్మతు విషయంలో ఉక్కుకు తిరుగులేదు. ఆటోనగర్‌లో ఏ షెడ్డుకు వెళ్లినా ఉక్కుకు ఆర్క్ వెల్డింగ్ గంటలో చేసి ఇస్తారు. అల్యూమినియానికి ఆర్గాన్ వాయువుతో చేసే వెల్డింగ్ కావాలి, అది చేసేవారు తక్కువ, ఓడలూ పడవల పనులు చేసే వర్క్‌షాపుల్లో వెతకాలి. పైగా 6061-టి6 వంటి గట్టి రకాలకు వెల్డింగ్ వేడి తగిలిన చోట బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఉక్కుకు ఒక హద్దు లోపు కుదుపులు ఎన్ని తగిలినా ఓర్చుకునే గుణం ఉంది, అల్యూమినియానికి అలాంటి హద్దు లేదు, చిన్న కుదుపులైనా లెక్కపెట్టుకుంటూ పోయి ఒక రోజు చీలుతుంది. మన గతుకుల రోడ్ల మీద పూర్తి అల్యూమినియం చట్రాన్ని నేను వద్దనడానికి అసలు కారణం ఇదే, తుప్పు కాదు.

పాత బండి కొనేటప్పుడు

ఒక అయస్కాంతం, ఒక స్క్రూడ్రైవర్, ఒక టార్చిలైటు, పాత బట్టలు తీసుకుని వెళ్లండి. అల్యూమినియం అని చెప్పిన గోడకు అయస్కాంతం అతుక్కుంటే అది ఉక్కు. ఉక్కు గోడ మీద ఒక్క చోట అతుక్కోకపోతే అక్కడ పుట్టీ నింపారన్నమాట. చాపలు ఎత్తనివ్వని యజమాని దగ్గర బేరం ఆడవద్దు. చాపలు ఎత్తి నేల పలకలను స్క్రూడ్రైవర్‌తో పొడిచి చూడండి, మెత్తగా దిగితే నేల మార్చవలసిందే. తరువాత కింద పడుకుని అడ్డ దూలాల చివరలు, ఇరుసు బ్రాకెట్ల అతుకులు, కొక్కెం మెడ చూడండి. కొత్తగా నల్ల రంగు కొట్టి ఉంటే స్క్రూడ్రైవర్ పిడితో తట్టండి. గట్టి ఉక్కు మోగుతుంది, లోపల తుప్పు తిన్న పైపు మొద్దుగా పలుకుతుంది. అల్యూమినియమైతే కీళ్ల చుట్టూ, వెల్డింగ్ పక్కన వెంట్రుకంత గీతల కోసం వెతకండి, ఆ గీతల్లో మురికి చేరి నల్లగా కనిపిస్తాయి.

కాగితాలు, కొలతలు

ట్రైలర్ కూడా మోటారు వాహనాల చట్టం కింద రిజిస్ట్రేషన్ చేయించవలసినదే, కాబట్టి కొలతలు ఖాయం చేసే ముందే రవాణా శాఖ కార్యాలయంలో ఏ ఆమోదాలు కావాలో కనుక్కోండి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో జంతువులను తీసుకెళ్లే వాహనాలకు ప్రత్యేక నిబంధన ఉంది. దాని ప్రకారం ఒక్కొక్క గుర్రానికి కనీసం 2.25 చదరపు మీటర్ల చోటు, మధ్య స్థిరమైన అడ్డుగోడ ఉండాలి. 0.9 మీటర్ల వెడల్పు, 2.5 మీటర్ల పొడవు ఇస్తే ఆ లెక్క సరిపోతుంది. 1978 నాటి జంతు రవాణా నిబంధనలు సరకు వాహనంలో గుర్రాలను తీసుకెళ్లేటప్పుడు జారని నేల, వేగం గంటకు 35 కిలోమీటర్లు మించకపోవడం వంటివి చెబుతాయి, ప్రయాణానికి తగినట్టు ఉన్నాయని పశువైద్యుడి ధ్రువపత్రం కూడా అడుగుతాయి.

తయారీదారుకు బయానా ఇచ్చే ముందు ఒక కాగితం మీద ఇవి రాయించి సంతకం తీసుకోండి: చట్రపు ఉక్కు మందం, వెల్డింగ్ అంతా అయ్యాకే జింకులో ముంచుతామన్న మాట, జింకు పొర మందం, రేకు రకం పేరు, మందం, రివెట్ల రకం, లోహాల మధ్య వేసే పట్టీ పేరు. జింకు పొర మందాన్ని కొలిచే చిన్న మీటరు గాల్వనైజింగ్ చేసే చోటే ఉంటుంది. చట్రం అక్కడి నుంచి కదలకముందే, దాని మీద రేకు ఎక్కకముందే, మీరు స్వయంగా వెళ్లి నాలుగు మూలలా, అడ్డ దూలాల అతుకుల దగ్గరా కొలిపించి చూసుకుని, ఆ తరువాతే రెండో విడత డబ్బు చెల్లించండి.